సగటు పెంచిన ఆయమ్మ

కుయ్. కుయ్. కుయ్.

లాండ్రీ పక్కనున్న ఇరుకు మెట్లెక్కుతుంటే ముందు ఆ చప్పుడే వినిపిస్తుంది. ఎవరో బుల్లి మనిషి కీచు బూట్లు తొడుక్కుని పైన అటూ ఇటూ తిరుగుతున్నట్టు ఉంటుంది. నాలుగడుగులు వేసి ఆగుతుంది. అయ్యో, పడిందేమో అనుకునేలోపు మళ్ళీ కుయ్, కుయ్. కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరి మెట్ల మీదుగా పైకి పాకి ఆ చప్పుడుకి కాస్త చెమ్మ పట్టిస్తుంది. తలుపు తోసి చూస్తే పిల్లా లేదు, పాపా లేదు. అట్టపెట్టెల మధ్య, పొడవాటి బల్ల ముందు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి రెండు చేతులకీ ఎర్ర బూట్లు తొడుక్కుని, వాటిని బల్ల మీద నడిపిస్తూ చెవి వంచి వింటూ ఉంటుంది.

"ఎడమది మూగది," అని తీర్పు చెప్పి ఆ జతని పక్కన పడేస్తుంది. "ఒక కాలు పాడి ఇంకో కాలు పాడకపోతే, వాడు పాడే కాలి మీదే గెంతుతాడు. పడతాడు. వాళ్ళమ్మ నన్ను తిడుతుంది. తిట్టాలి కూడా."

ఆమెని అందరూ ఆయమ్మ అంటారు. అది పేరు కాదు, ఇరవై ఆరేళ్ళ బతుకు. ఒక పెద్ద ఆఫీసు కింది అంతస్తులో, అక్కడి ఉద్యోగినుల పిల్లల కోసం పెట్టిన క్రెష్‌లో ఆమె ఆయాగా పనిచేసింది. ఏడాది నిండిన పిల్లలు వచ్చేవాళ్ళు, మూడేళ్ళు నిండగానే వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ పేర్లు ఆమెకి గుర్తులేవు, నడకలు గుర్తున్నాయి. బాతులా నడిచినవాడు, గోడతో కబుర్లు చెబుతూ నడిచినది, నడవడం దండగని ఏకంగా పరుగే మొదలుపెట్టినవాడు. ఇప్పటికీ బస్సులో మీసాలొచ్చిన కుర్రాడెవరైనా ఒక భుజం వంచి నడిస్తే, వీడు మనవాడే అని లోపల్లోపల నవ్వుకుంటుంది.

ఆఫీసు వేరే చోటికి తరలిపోయినప్పుడు క్రెష్ మూతపడింది. చిన్న చిన్న కుర్చీల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి లారీ ఎక్కించారు. ఆ రోజు ఆమె ఏడవలేదు గానీ, ఇంటికొచ్చాక తన కుర్చీ మరీ ఎత్తుగా ఉందని మొగుడి మీద విసుక్కుందట.

సరిగ్గా అప్పుడే అక్క కూతురు ఆన్‌లైన్‌లో పిల్లల వస్తువుల దుకాణం తెరిచింది. ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలకి కావలసినవి: ఒలకని కప్పులు, మెత్తటి చెంచాలు, బూట్లు, మేజోళ్ళు, మెట్లకి అడ్డం పెట్టే తలుపులు. మొదట్లో సరుకంతా ఆ అమ్మాయి పడకగదిలోనే ఉండేది. కప్పుల పెట్టెల మీద దుప్పటి పరుచుకుని పడుకునేది. తర్వాత ఈ రెండు గదులు అద్దెకి తీసుకుంది. ముందు గదిలో తన కంప్యూటరు. వెనక గదిలో ప్యాకింగ్ బల్ల. "పిన్నీ, ఒక్క వారం సాయం చేసి పెట్టవూ," అని అడిగితే ఆయమ్మ వచ్చింది. ఆ వారం నాలుగేళ్ళయినా ఇంకా అవలేదు.

బల్ల మీద ఒక ఫోనుంది. దుకాణం నెంబరు అదే. కొన్నవాళ్ళు ఏదైనా అడగాలంటే దానికి చేస్తారు. అయితే ఆయమ్మ ఎవరో చేసేదాకా ఆగే రకం కాదు. ఆర్డరు కాగితం చదువుతుంది, కనుబొమలు ముడేస్తుంది, తనే చేస్తుంది.

"అమ్మా, ఆరో సైజు బూట్లు అడిగావు. పోయిన నెల నాలుగు తీసుకున్నావు. కాలు పెరిగిందా, కాలవకి గండి పడిందా?"

అవతల నవ్వు. "అంటే, రేటు తగ్గించారు కదా అనీ... పెద్దయ్యాక వస్తాయనీ..."

"పెద్దయ్యాక పెద్దవి కొనుక్కో. ఇప్పుడు తెల్లకాగితం మీద నిలబెట్టి కాలి చుట్టూ పెన్సిలుతో గియ్యి. ఫోటో తీసి పంపు. ఆ గీత చూసి నేను పంపిస్తా."

ఆ గీతలు వస్తూనే ఉంటాయి. ఫోనులో చూసి, స్కేలుతో కొలిచి, సైజు వేస్తుంది. కొన్ని గీతలు మధ్యలో ఎగిరిపోయి ఉంటాయి, పిల్ల కదిలిన చోట. ఆ చోట్లంటే ఆమెకి ప్రాణం. దుకాణంలో మరెవరూ ఇలా చెయ్యమనలేదు, ఇలా చెయ్యవచ్చని ఎక్కడా రాసిలేదు.

ఈ ఏడాది మొదట్లో మేనల్లుడి వయసున్న ఒకతను వచ్చాడు. మడత నలగని చొక్కా, మడత నలగని మాట. అమ్మకాలు పెంచే సలహాదారు. వచ్చిన రోజే ముందు గది గోడకి తెల్లబోర్డు తగిలించి, దాని మీద '700' అని రాసి, చుట్టూ సున్నా చుట్టాడు.

"ఇది మీ సగటు ఆర్డరండీ. రోజు మొత్తం అమ్మకాన్ని ఆర్డర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చింది. ఒక డబ్బా పంపడానికయ్యే ఖర్చు, అందులో ఒక చెంచా ఉన్నా ఒకటే, ఆరు వస్తువులున్నా ఒకటే. కాబట్టి ఇది పెరగాలి. వెయ్యి అవ్వాలి."

రోజుకి అరవైసార్లు సగటు అనేవాడు. ఆయమ్మ అతనికి సగటు బాబు అని పేరు పెట్టింది. మొహం మీదే పిలిచేది. పాపం, అతను కూడా పలికేవాడు.

ఆ సాయంత్రం అక్క కూతురు వెనక గదిలోకి వచ్చి, టేపు చుట్టని చేతిలో తిప్పుతూ నిలబడింది. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టినప్పుడు అలాగే నిలబడేది.

"పిన్నీ, ఒక మాట. మూడు నెలల్లో సగటు వెయ్యికి రాకపోతే, ప్యాకింగ్ అంతా ఊరవతల పెద్ద గిడ్డంగికి ఇచ్చేస్తున్నా. అక్కడ మిషన్లుంటాయి. చవక పడుతుంది."

"మరి ఫోను?"

"ఫోనుండదు. ప్రశ్నలకి కంప్యూటరే జవాబు పంపిస్తుంది."

"మరి నేను?"

అమ్మాయి టేపు చుట్టలో చివర ఎక్కడుందో వెతుకుతూ ఉండిపోయింది. దొరకలేదు.

మొదటి నెలంతా సగటు బాబు తన విద్యలు ప్రయోగించాడు. వెయ్యి దాటితే డెలివరీ ఉచితమన్నాడు. తల్లులు తెలివితక్కువవాళ్ళా? గీత దాటడానికి ఒక వస్తువు అదనంగా కలిపేవాళ్ళు, డబ్బా రాగానే దాన్ని వెనక్కి పంపేవాళ్ళు. వెనక గది మూలలో తిరిగొచ్చిన సరుకు గుట్టలా పెరిగింది. ఆయమ్మ పొద్దున సర్దిన చేతులతోనే సాయంత్రం విప్పేది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల నాయనా," అంటే, "అలవాటు పడతారండీ," అనేవాడు. సగటు ఏడు వందల ఇరవై దగ్గర నిలబడి కదలనని భీష్మించింది.

దారి చూపించింది కొరియరు అతను. రోజూ నాలుగింటికి డబ్బాలు తీసుకెళ్ళే మనిషి, పొట్టేసుకుని ఆయాసపడుతూ ఉంటాడు. ఒక మధ్యాహ్నం బల్ల మీదున్న డబ్బాల్లో ఒకదాని చిరునామా చదివి అక్కడే కూలబడ్డాడు.

"ఆయమ్మా, ఈ ఇంటికి ఈ వారంలో ఇది మూడోసారి. నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. వాళ్ళ పిల్లాడికంటే నాకే మెట్లెక్కడం బాగా వచ్చేసింది."

ఆయమ్మ పాత కాగితాలు తీసి చూసింది. సోమవారం కప్పు. బుధవారం మెడకి కట్టే గుడ్డ. శుక్రవారం చెంచా. ఇంకో ఇల్లు చూసింది, ఇంకోటి చూసింది. అన్నీ అంతే. ఆమెకి నవ్వొచ్చింది. కప్పు చేతికిచ్చిన పిల్లాడు మూడో రోజుకి దాన్ని బోర్లిస్తాడు, ఆరో రోజుకి తింటున్నదాన్ని గోడకి పూస్తాడు. క్రెష్‌లో ఇది ఎండా వానల్లా ఆమెకి ముందే తెలిసేది. తొలిచూలు తల్లికి ఎలా తెలుస్తుంది? ఏ రోజు చీకాకు ఆ రోజు కొంటుంది.

మర్నాటి నుంచి ఆమె డబ్బాల నోళ్ళు మూయడం మానేసింది.

చిన్న ఆర్డరు ఏది వచ్చినా, డబ్బాలో పెట్టి, పేరు రాసి, తెరిచే ఉంచి ఫోను చేసేది. "అమ్మా, కప్పు సర్దాను. నువ్వు తొందర పెడితే ఇవాళే పంపిస్తా. రెండు రోజులు ఆగితే కొంపేం మునిగిపోదు కదా? ఈలోగా ఇల్లంతా ఒకసారి చూసుకో. చెంచా ఉందా? గుడ్డలున్నాయా? ఉంటే వద్దు. లేకపోతే ఇందులోనే వేస్తా." వెనక గది నిండా, బీరువాల మీద, కిటికీ గట్టు మీద, తెరుచుకున్న అట్టపెట్టెలు. గూట్లో పక్షిపిల్లలు తిండి కోసం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నట్టు. కొందరికి అదనంగా ఒకటి చేరేది. కొందరికి ఉన్నదాంట్లోంచే ఒకటి పోయేది. "రెండేళ్ళ దాకా అది వాడవు, మానెయ్," అనేది. రెండో రోజు సాయంత్రం మూతలు పడేవి.

రెండో నెల చివర సగటు బాబు కంప్యూటరు ముందు నుంచి కేకేశాడు. "కొంప మునిగింది! రోజుకి అరవై ఆర్డర్లు వచ్చేవి, నలభై రెండుకి పడిపోయాయి!"

అక్క కూతురు పరిగెత్తుకొచ్చింది. "మరి సగటు?"

అతను అంకెల కేసి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"వెయ్యి."

గుమ్మంలో నిలబడి ఉన్న ఆయమ్మ చేతులు కట్టుకుంది. "నువ్వడిగింది వెయ్యే కదా నాయనా."

"ఇలా కాదండీ పెరగాల్సింది! మూడు డబ్బాల్ని ఒక డబ్బా చేశారు. మొత్తం అమ్మకం ఏం పెరగలేదు."

"ఎలా పెరగాలో నువ్వు చెప్పలేదు. రోజుకి పద్దెనిమిది డబ్బాల రవాణా మిగిలింది. ఆ కొరియరు నాయన మోకాళ్ళు మిగిలాయి. అది నీ బోర్డు మీద ఎక్కడ రాస్తావో రాసుకో."

అమ్మాయి పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. వారం పాటు వెనక గది జోలికి ఎవరూ రాలేదు. కిటికీలోంచి పడే ఎండ తెరిచిన డబ్బాల్లోకి దిగి, కప్పుల అడుగున పల్చగా నిలిచేది. ఆయమ్మ ఆ ఎండతో సహా మూత వేస్తున్నట్టు ఉండేది.

కానీ ఓడిన పందెంగాడు ఊరుకుంటాడా? సగటు బాబు అమ్మాయి చెవిలో ఇల్లు కట్టుకున్నాడు. సగటు ఒక్కటే చాలదు, మొత్తం కూడా పెరగాలన్నాడు. గిడ్డంగి మాట పోలేదన్నాడు. మూడో నెల మొదట్లో దుకాణం పేజీలో కొత్త ఏర్పాటు వచ్చింది. కొనేవాళ్ళు పిల్ల పుట్టిన నెల ఎలాగూ రాస్తారు. దాన్ని బట్టి, ఏదైనా ఒక వస్తువు ఎంచుకోగానే, తెర మీద ఒక వాక్యం తేలుతుంది.

ఆ వాక్యం గురించి ఆయమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆమెకి తెలిసింది ఒక ఆర్డరు కాగితం ద్వారా.

ఆ ఉదయం సగటు బాబు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. చేతిలో కేకు పెట్టె. "దుకాణం పెట్టాక ఇంత పెద్ద బిల్లు ఇదే! ఒక్క ఆర్డరు, తొమ్మిది వస్తువులు, తొమ్మిది వేల పైచిలుకు!" కేకు తెచ్చి ప్యాకింగ్ బల్ల మీదే పెట్టాడు. అక్క కూతురు కళ్ళు మెరిశాయి. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల మొహంలో కంటినిండా నిద్రపోయిన మనిషి తేట కనిపించింది. అది చూసి ఆయమ్మకి కూడా సంతోషమే వేసింది, కాగితం చదివేదాకా.

ఒక జత మేజోళ్ళు, అడుగున జారకుండా రబ్బరు చుక్కలున్నవి. తర్వాత 'తొలి అడుగుల సెట్టు': తోపుడు బండి, మోకాలి తొడుగులు, తలకి మెత్తటి టోపీ, నడుముకి కట్టి పట్టుకునే పట్టీ, నేల మీద పరిచే పరుపు, బల్ల అంచులకి తొడుగులు, రెండు జతల బూట్లు, వేరు వేరు సైజుల్లో.

"రెండు సైజులెందుకు? ఒక్కో కాలూ ఒక్కో వేగంతో పెరుగుతోందా?"

"సెట్టులో అలాగే ఉంటాయండీ. ప్యాక్ చేసెయ్యండి."

ఆయమ్మ ఫోను అందుకుంది. అవతల నుంచి వచ్చిన గొంతు గుసగుసలా ఉంది. ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుతోందట.

"అమ్మా, దుకాణం నుంచి. నువ్వు దేనికని వచ్చావు మా దగ్గరికి?"

"మేజోళ్ళకండీ."

"మరి ఈ సంతంతా?"

"మీరే రాశారు కదండీ. 'మీ పాపకి పద్నాలుగు నెలలు. ఈ వయసుకి ఎక్కువమంది పిల్లలు నడుస్తున్నారు. మీ పాప వెనకబడిపోతోందా?' అని. ఇంట్లో అత్తగారు అదే అంటున్నారు. ఇప్పుడు మీరు కూడా అన్నారు. నేను పొద్దస్తమానం ఆఫీసులో ఉంటా. నా వల్లే నడవట్లేదేమో."

ఆయమ్మ ఫోను గట్టిగా పట్టుకుంది. సగటు బాబు కేకు కోయడానికి కత్తి వెతుకుతున్నాడు.

"తల్లీ, అడిగిందానికి జవాబు చెప్పు. సోఫా పట్టుకుని లేస్తుందా?"

"లేస్తుంది."

"పట్టుకుని పక్కకి జరుగుతుందా?"

"జరుగుతుంది. ఎండ్రకాయలాగా."

"అదే నడక. పక్కకి నడుస్తోంది, అంతే. కొన్నాళ్ళకి ముందుకి తిరుగుతుంది. బూట్లు తీసెయ్యి, ఇంట్లో ఒట్టి కాళ్ళతో వదులు. కాలికి నేల తెలియాలి. పద్దెనిమిది నెలలు నిండినా అడుగు వెయ్యకపోతే అప్పుడు డాక్టరుకి చూపించు, నాకు కాదు. నా దగ్గర పెరిగిన పిల్లలు ఐదారు వందల మంది. పదో నెలలో నడిచినవాళ్ళు తర్వాత మిగతావాళ్ళ కంటే ముందు ఎక్కడికీ చేరలేదు. విన్నావా?"

అవతల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని చప్పుడు. "మరి ఆ సెట్టు?"

"నీ ఇష్టం. కావాలంటే పంపిస్తా. నా కూతురైతే వద్దంటా."

"వద్దండీ."

ఆయమ్మ మేజోళ్ళ జతని ఒక చిన్న కవర్లో వేసి, అంటించి, కేకు పక్కన పెట్టింది. దుకాణం పెట్టాక వచ్చిన అతి పెద్ద బిల్లు, ఆ రోజుకి అతి చిన్న బిల్లయింది.

తర్వాత జరిగిన గొడవ కింద ఇస్త్రీ చేసేవాళ్ళకి కూడా వినబడింది.

"పిన్నీ, నీకేమైనా పిచ్చా? తొమ్మిది వేలు!"

"ఆ వాక్యం ఎవరు రాశారు?"

"నేనేనండీ," అన్నాడు సగటు బాబు. "అందులో అబద్ధం లేదు. ఎక్కువమంది నడుస్తారన్నాం. వెనకబడిందా అని అడిగాం. ప్రశ్నే కదా!"

"ప్రశ్నా? ఆ పిల్ల ఆఫీసు మెట్ల మీద నిలబడి ఏడుస్తోంది. కప్పు అమ్ముతాను నాయనా, చెంచా అమ్ముతాను, కాళ్ళకి సరిపోతే బూట్లు అమ్ముతాను. భయం మాత్రం ఈ బల్ల మీద ప్యాక్ అవ్వదు."

"ఇదిగో చూడండి మేడమ్," అన్నాడతను అక్క కూతురితో. "ఆ ఫోను ఆవిడ చేతిలో ఉన్నంత కాలం నేను చేసేదేం లేదు. ఆవిడో నేనో తేల్చండి."

అమ్మాయి మొహం ఎర్రబడింది. "పిన్నీ, ఇది నీ క్రెష్ కాదు. నా షాపు. అద్దె నేను కడుతున్నా. రాత్రిళ్ళు నిద్ర లేనిది నాకు."

"నీ షాపే. కాదన్నానా?"

"అయితే నేను చెప్పింది చెయ్యి."

"చెయ్యను." ఆయమ్మ గొంతు పెంచలేదు. "నువ్వు పదిహేడో నెల దాకా పిర్రల మీద డేకావు. ఒక కాలు మడిచి, ఒక కాలు తెడ్డేసినట్టు వేసి, గదంతా నువ్వే తుడిచేదానివి. మీ అమ్మ రోజూ నా దగ్గరికొచ్చి ఏడ్చేది. ఆ రోజు ఎవడైనా ఇలాంటి వాక్యం రాసి చూపించుంటే, మీ అమ్మ ఒంటి మీదున్న గొలుసు అమ్మి బండి కొనేది. నేను వద్దని ఆపాను. ఇప్పుడు నిన్నూ ఆపుతున్నా."

సగటు బాబు చప్పున నవ్వేశాడు. ఆ నవ్వే కొంప ముంచింది. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రేపట్నుంచి రావద్దు పిన్నీ," అంది.

ఇంట్లో ఆయమ్మ మొగుడు, బస్సు నడిపి రిటైరైన మనిషి, పేపరు మడిచి ఆమె మొహం చూశాడు.

"ఏమైంది?"

"తీసేసింది."

"ఓహో. మరి రేపు?"

"రేపు తొమ్మిదింటికి వెళ్తా."

"తీసేసిందన్నావుగా?"

"తను తీసింది. నేను వెళ్ళిపోలేదు."

ఆయన "మొండివాడు రాజుకన్నా బలవంతుడన్నారు గానీ, మొండిదాని మొగుడి సంగతి ఎవరూ చెప్పలేదు," అని మళ్ళీ పేపరు విప్పాడు.

ఆ రాత్రి ఆమెకి భయం వెయ్యలేదని కాదు. ఆ బల్ల పోతే తనకి మిగిలేది ఎత్తుగా ఉన్న కుర్చీ, మొగుడి పేపరు. క్రెష్ పోయినప్పుడు ఒకసారి చూసిన ఖాళీ అది. దాని వాసన కూడా ఆమెకి తెలుసు. అయినా తొమ్మిదింటికి మెట్లెక్కింది.

బల్ల మీద ఫోను లేదు. చిరునామాలు అచ్చేసే మిషను ముందు గదికి వెళ్ళిపోయింది. ఆర్డరు కాగితాలు మాత్రం తీగకి గుచ్చి ఉన్నాయి. ఆయమ్మ కళ్ళజోడు పెట్టుకుని, చిరునామాలు చేత్తో రాసుకుంటూ సర్దడం మొదలుపెట్టింది. ముందు గదిలోంచి అక్క కూతురు చూసింది. పిలవలేదు, పొమ్మనలేదు. సగటు బాబు గుమ్మం దాకా వచ్చి, "ఆవిడ్ని నిన్న..." అని మొదలుపెట్టాడు.

"నాయనా," అంది ఆయమ్మ తలెత్తకుండా, "నన్ను తీసెయ్యాలంటే ఈ బల్లతో సహా మొయ్యాలి. నీ చొక్కా నలుగుతుంది."

సెట్టు ఉన్న కాగితాలు వస్తే వాటిని సర్దలేదు. వేరే తీగకి గుచ్చి, ముందు గదిలో అమ్మాయి బల్ల మీద పెట్టి వచ్చేది. మాట్లాడేది కాదు. ఒక రోజు తొమ్మిది, మర్నాడు పదకొండు. ఆ రెండు రోజులూ గదుల మధ్య తలుపు తెరిచే ఉంది, కానీ దానిలోంచి గాలి తప్ప ఏమీ దాటలేదు.

మూడో రోజు అక్క కూతురు ఆలస్యంగా వచ్చింది. నేరుగా వెనక గదిలోకి వచ్చి, ఫోను తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక అట్టపెట్టె తిరగేసి దాని మీద కూర్చుంది.

"రాత్రి అమ్మని అడిగా. పదిహేడు కాదట."

"మరి?"

"పద్దెనిమిదిన్నరట. నువ్వు నా పరువు కోసం తగ్గించి చెప్పావట."

ఆయమ్మ టేపు చింపడం ఆపలేదు. "మీ అమ్మకి నోట్లో మాట దాగదు."

అమ్మాయి తను తెచ్చిన కాగితాల కట్ట విప్పింది. ఆ వాక్యం వచ్చినప్పటి నుంచి సెట్టు కొన్నవాళ్ళు ముప్పై ఒక్కమంది. మొదటి నెంబరు నొక్కింది.

"నమస్తే అండీ, పిల్లల షాపు నుంచి మాట్లాడుతున్నా. షాపు నాదేనండీ. మీరు మొన్న... మీ బాబు..." అక్కడ ఆగిపోయింది. ఫోనుని అరచేత్తో మూసి, చిన్నపిల్లలా చూసింది. "పిన్నీ, తర్వాత ఏమడగాలి?"

"సోఫా పట్టుకుని లేస్తాడా అని అడుగు."

సాయంత్రానికి ముప్పై ఒక్కమందితోనూ మాట్లాడారు, వంతులేసుకుని. ఎనిమిది మంది సెట్టు కావాలనే అన్నారు, సంతోషంగానే. మిగతావాళ్ళకి డబ్బు వెనక్కి వెళ్ళింది. ఒకాయన మాత్రం, మా పిల్లాడి సంగతి మీకెందుకని కోప్పడి, పది నిమిషాల తర్వాత తనే ఫోను చేసి, పిల్లాడు రాత్రిళ్ళు ఎందుకు లేస్తున్నాడో అడిగాడు. ఆ వాక్యం పేజీలోంచి ఎప్పుడు పోయిందో ఆయమ్మ అడగలేదు. పోయింది.

సగటు బాబు నెలాఖరుకి గిడ్డంగి వాళ్ళ దగ్గరే ఉద్యోగంలో చేరాడు. వెళ్ళేటప్పుడు వెనక గదిలోకి వచ్చి, అక్కకి ఏడాది పాప ఉందని, మెట్లకి అడ్డం పెట్టే తలుపు కావాలని అడిగాడు. ఆయమ్మ గుమ్మం కొలత తెమ్మంది. తెచ్చాడు. పెద్ద పెద్ద సామాన్లు, బండ్లూ తలుపులూ, ఇప్పుడు ఆ గిడ్డంగి నుంచే వెళ్తున్నాయి. అక్క కూతురు ఆ విషయంలో పిన్ని మాట వినలేదు. ఆయమ్మ కొన్నాళ్ళు మూతి ముడుచుకుని, తర్వాత నడుం నొప్పి తగ్గిందని ఒప్పుకుంది. సగటు ఒక నెల వెయ్యి దాటుతుంది, ఒక నెల తొమ్మిది వందల దగ్గర కునుకు తీస్తుంది. తెల్లబోర్డు మీద ఇప్పుడు అంకె లేదు. ఎవరెవరి డబ్బా ఎప్పటిదాకా తెరిచి ఉంచాలో రాసి ఉంది.

నేను ఇదంతా విని, రాసుకుని, లేచి వెళ్ళబోతూ, మా ఇంట్లో పసివాడున్నాడు కదా అని బీరువాలోంచి ఒక పసుపు రంగు కప్పు తీసి ధర అడిగితే, ఆమె ఆ కప్పుని నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ బీరువాలో పెట్టేసింది.

"ఎన్ని నెలలు? పదా? అయితే మీకు అమ్మను. ఇంట్లో చిన్న గ్లాసు ఉంటే దాంతోనే పట్టండి. సగం ఒలకబోస్తాడు, తుడుచుకోండి. మీరు ఎంత అడిగినా అమ్మను, వెళ్ళండి."